మహామారులును శిశునామములును

శిశుజననము గృహస్థునకు పరమోత్సవమని మన కావ్యములు చాటుచున్నవి. రాజునకు పుత్రుఁడు కలిగినచో మంగళవాద్యములు మ్రోయును, దానధర్మములు జరుగును, బంధువులు గుంపులుగా వచ్చి బిడ్డను దీవింతురు. కాని ఊర మసూచియో, విషూచియో చెలరేఁగిన కాలమున సామాన్యుని పురిటింట ఈ యుత్సవమెట్లు జరిగెనని యడిగినచో కావ్యములు బదులు చెప్పవు. ఆ బదులు పురిటింటి యాచారములందును, జనుల పేళ్లయందును వెదకవలసియున్నది. పేరు పెట్టుట గృహము శిశువునకు చేయు తొలి స్వాగతము. ఆ స్వాగతము భయముతో కూడినపుడు తాల్చిన రూపము చరిత్రకారునకు విచారణీయము.

మొదట ఆచారమును పరిశీలింపవలెను. పురుడనఁగా ప్రసవమునకును, ప్రసవాశౌచమునకును గూడ పేరు. పదిదినములు బాలింతయు బిడ్డయు ప్రత్యేకమైన గదిలో నుందురు. ఇతరులు వారిని తాఁకరాదు. వాకిట వేపమండ కట్టుట, పడకచెంత ఇనుపవస్తువు నుంచుట పెక్కు తావుల కలదు. ఇఁక “తల్లి పోసిన” యింటను, అనఁగా మసూచి సోఁకిన యింటను, వాకిట కనఁబడునది ఆ వేపమండయే. అచ్చటను పరులు గడప దాఁటరాదు. పుట్టుకకును, రోగమునకును ఒకే గుఱుతు నిలిపిరన్నమాట. వేపమండ రోగమును ఆపినదని చెప్పుటకు ఆధారము లేదు. దానిని చూచి తొలఁగిపోయిన బాటసారివలన మాత్రము కొంత మేలు కలిగియుండును. అయినను ఈ కట్టడిలో నొక లోపము కలదు. బంధువులకు మూసిన తలుపే మంత్రసానికి తెఱవఁబడెను. ఆమె ఒక పురిటింటినుండి మఱియొక పురిటింటికి పోవుచుండెడిది.

మసూచికిని శిశువునకును గల సంబంధము తెలియనిదే పేళ్ల మర్మము తెలియదు. ఆ రోగమునుండి ఒకమాఱు బ్రతికి బయటపడినవారికి అది మఱల వచ్చుట మిక్కిలి అరుదు. కాఁబట్టి అది తఱచుగా తిరుగాడిన సీమలలో పెద్దలు పలువురు దానిని దాఁటినవారే. దానికి చిక్కెడివారు క్రొత్తగా పుట్టినవారు. ఇద్దఱు ముగ్గురు బిడ్డలను వరుసగా పోఁగొట్టుకొన్న తల్లి మరల గర్భవతియైనపుడు ఆ యింట సంతోషముకంటె ముందుగా ఒక యాలోచన పుట్టెను: ఈ బిడ్డను మృత్యువు కంటఁబడకుండ ఎట్లు దాఁచవలెను?

ఈ యాలోచనవలన పుట్టిన పేళ్లు మూఁడు తెగలు. మొదటివి నిందానామములు. పుట్టిన బిడ్డను పెంటకుప్పపై క్షణకాలము పరుండఁబెట్టి, ఎవరో పాఱవేసిన దానిని ఏఱి తెచ్చికొన్నట్లు నటించి ఇల్లు చేర్చుదురు. ఆ బిడ్డ పెంటయ్య, లేక పెంటమ్మ. పుల్లాకనఁగా భోజనము చేసి విడిచిన విస్తరి. దానిపై పొరలించిన బిడ్డ పుల్లయ్య, లేక పుల్లమ్మ. రెండవవి విక్రయనామములు. చేటెడు తవుటికి బిడ్డను పొరుగింటి యామెకు అమ్మివేసి, పరుల బిడ్డవలె మఱల తెచ్చుకొందురు. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల తవిటయ్యలును, తవుడమ్మలును ఇట్లు ఏర్పడినవారు. మూఁడవవి మ్రొక్కునామములు. మసూచికి అధిదేవతలని జనులు నమ్మిన పోలేరమ్మ, పోచమ్మ, ముత్యాలమ్మల పేర పోలయ్య, పోచయ్య, ముత్యాలు అను పేళ్లు వచ్చినవి. పొక్కులను ముత్యములని మన్నించి చెప్పుట ఇందు గమనింపఁదగినది. ఈ మ్రొక్కునకు మతభేదము అడ్డురాలేదు. దర్గాలకు మ్రొక్కుకొన్న హిందూకుటుంబములలో మస్తానయ్య, నాగూరయ్య, సైదులు అను పేళ్లు నేఁటికిని కలవు.

ఇచట రెండాక్షేపములు రావచ్చును. పుల్లయ్య యను పేరును సంస్కృతమందలి ఫుల్లశబ్దమునుండి సాధించి, వికసించినవాఁడని యర్థము చెప్పవచ్చును గదా యని మొదటిది. శబ్దమొక్కటియే చూచినచో ఆ సాధన పొసఁగును. కాని పెంటయ్య, తవిటయ్యలకు అట్టి సంస్కృతమూలము దొరకదు. ఒకే యాచారమునకు చెందిన పేళ్లలో ఒకదానిని మాత్రము విడఁదీసి సంస్కరించుట న్యాయము కాదు. పెంటయ్య యను పేరుగల ప్రతివాని వెనుకను మహామారి యున్నదా యనునది రెండవ యాక్షేపము. లేదనియే చెప్పవలెను. పురిటివాతము, అతిసారము, కఱవు మొదలగునవి గూడ శిశువులను హరించినవి. మఱియు మనుమనికి తాతపేరు పెట్టు వాడుకవలన ఆపద తీఱిన పిమ్మటను పేరు నిలిచెను. కాఁబట్టి ఒక్క పేరు ఒక్క రోగమునకు సాక్ష్యము కాదు. ఈ పేళ్ల సముదాయము మాత్రము శిశుమరణమునకు సాక్ష్యము.

మసూచికి నిజమైన విరుగుడు గూడ శిశువుల మూలముననే వ్యాపించుట విశేషము. ఎడ్వర్డు జెన్నరు 1796లో ఇంగ్లండున పరీక్షించిన టీకా, 1802 జూన్ 14వ తేదిని బొంబాయిలో మూఁడేండ్ల బాలికకు ఫలించెను. ఆమె చేతి పొక్కునందలి రసము ఇతరులకు వేయఁబడి, క్రమముగా మదరాసు మొదలగు చోట్లకు చేరెను. ఆ కాలమున రసమును నిలువచేయుట కష్టమగుటచే ఒక బిడ్డ చేతినుండి మఱియొక బిడ్డ చేతికి ఎక్కించుచు వచ్చిరి. మసూచి భారతదేశమున 1975లో తుదిసారి కనఁబడెను. ప్రపంచమున అంతరించెనని 1980లో ప్రకటింపఁబడెను. రోగము పోయెను, పోలయ్య, పోచయ్యల పేళ్లు నిలిచినవి.

ఈ యాచారములకు అందని మహామారి 1918లో వచ్చెను. ఆ యేఁటి జూన్ మాసమున బొంబాయిలో కనఁబడిన ఇన్‌ఫ్లుయెంజా, సెప్టెంబరు మొదలుకొని ఘోరరూపము దాల్చెను. భారతదేశమున మృతులు కోటి యిరువది లక్షలు మొదలు రెండు కోట్లవఱకు ఉందురని పరిశోధకుల యంచనాలు. అది ఇరువది నలువది యేండ్ల నడిమి వయసువారిని విశేషముగా హరించెను. గర్భిణులకు మఱింత ప్రాణాంతకమయ్యెను. హైదరాబాదు సంస్థానమున 1911లో 1,33,74,676 మంది జనులుండఁగా 1921లో 1,24,71,770 మంది మిగిలిరి. ఈ తొమ్మిది లక్షల లోటునకు కఱవును, ప్లేగును గూడ కారణములే. అయినను ఇన్‌ఫ్లుయెంజా పాలు పెద్దది. మఱుసటి యేఁడు దేశమున జననములు తగ్గెను. పెంటయ్య యను పేరు బిడ్డకొఱకు వచ్చు మృత్యువును ఏమార్చుటకు కల్పింపఁబడినది. ఈ రోగము తల్లికొఱకు వచ్చెను. తల్లిని దాఁచు పేరు ఎవరికిని తెలియదు. ఏటేట వచ్చునది కానందున దానికొక ఆచారము పుట్టుటకు వ్యవధియు లేకపోయెను. అట్టి యిండ్లలో తల్లిలేని బిడ్డకు ఏ పేరు పెట్టినను, మేకపాలు త్రాపి పెంచిన అమ్మమ్మ చేతులే స్వాగతము.

నూఱేండ్ల పిమ్మట 2020 మార్చి 25వ తేదినుండి దేశమంతట రాకపోకలు నిలిచినపుడు పురిటింటి తలుపు మఱల మూయఁబడెను. బంధువులు బిడ్డను చరవాణి తెరపై చూచి దీవించిరి. రోగము సోఁకిన తల్లియైనను ముఖమునకు అడ్డు కట్టుకొని బిడ్డకు పాలియవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపెను. ఆ యేఁటి యేప్రిలులో ఆంధ్రదేశమున పుట్టిన శిశువులకు కరోనా శబ్దము చేర్చి పేరు పెట్టిరని పత్రికలు ప్రకటించినవి. చదివినవారు నవ్విరి. ముత్యాలు అను పేరు ఎఱిఁగినవారికి అది క్రొత్త కాదు. భయపెట్టు దానిని పేరు పెట్టి పిలిచి ఇంటిదానిని చేసికొనుట ఈ దేశమున పాఁత పద్ధతియే.

బడిలో చేర్చునపుడు పెంటయ్యను ప్రసాదునిగాను, పుల్లమ్మను పుష్పవతిగాను దిద్దుట పలుచోట్ల జరిగినది. బాలుని తోడివారి పరిహాసమునుండి కాపాడుట ఉపాధ్యాయుని ధర్మమే. దానిని తప్పు పట్టరాదు. కాని పాఁత పేరును పట్టికలో ఒక మూలనైనను వ్రాసియుంచినచో నష్టము లేదు. పోయిన తోఁబుట్టువుల సంగతి చెప్పు శాసనము ఆ యింట మఱియొకటి యుండదు. పెంటయ్య యను పేరు పెట్టిన తల్లి బిడ్డను నిందింపలేదు. ఆ బిడ్డ తనకు దక్కవలెనని కోరినది. పండితులు ఆ పేరును చదువునపుడు ఈ యర్థమును గూడ చదువుదురు గాక.