మెదడు రక్తనాళాల వాపు

మెదడులోని రక్తనాళాల గోడలు వాచి, నాళం ఇరుకై, రక్తం సరిగా అందని జబ్బు ఇది. వైద్యులు సెరిబ్రల్ వాస్క్యులైటిస్ అంటారు. వారాల తరబడి తలనొప్పి, మతిమరుపు, మాట తడబాటు, ఫిట్స్, చిన్న వయసులోనే పక్షవాతం కనిపిస్తాయి. మెదడుకే పరిమితమయ్యే రకం చాలా అరుదు; దానికి 1988లో క్యాలబ్రీస్, మాలెక్ ప్రతిపాదించిన ప్రమాణాలను ఇప్పటికీ వాడుతున్నారు. మన దగ్గర మాత్రం ముందు అనుమానించాల్సింది క్షయను. టీబీ మెనింజైటిస్‌లో మెదడు అడుగున పేరుకున్న చిక్కటి స్రావం అక్కడి ధమనులను చుట్టేసి వాచేలా చేస్తుంది. లూపస్, సిఫిలిస్ కూడా కారణాలే.

ఈ లక్షణాలుంటే చూపించుకోవడానికి కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద విజయవాడ వెళ్తే, 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల, దాని అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. నిర్ధారణకు ఎమ్మారై, వెన్ను నీటి పరీక్ష, యాంజియోగ్రామ్ అవసరమవుతాయి. మొదటి రెండూ మామూలుగా ఉంటే ఈ జబ్బు కాకపోవచ్చు. యాంజియోగ్రామ్‌లో నాళాలు పూసలదండలా కనిపించినంత మాత్రాన తేల్చేయకూడదు. ఒక్కసారిగా భరించలేని తలనొప్పితో వచ్చి, సాధారణంగా 3 నెలల్లో సర్దుకునే ఆర్‌సీవీఎస్ అనే వేరే జబ్బులోనూ అలాగే ఉంటుంది. బయాప్సీయే గట్టి సాక్ష్యం. కానీ వాపు అక్కడక్కడే ఉంటుంది కాబట్టి తీసిన ముక్కలో దొరక్కపోవచ్చు.

చికిత్సలో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను సాధారణంగా రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు నరానికి ఎక్కిస్తారు. తర్వాత మాత్రలు, తీవ్రమైతే సైక్లోఫాస్ఫమైడ్. క్షయ అయితే టీబీ మందులే అసలు వైద్యం, స్టెరాయిడ్ తోడు మాత్రమే. బాగుందని స్టెరాయిడ్ మాత్రలను ఉన్నట్టుండి ఆపకూడదు. మోతాదును డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.