యుగంధర్ మదరాసులోనే ఉండిపోయాడు

వెంగళరావు నగర్‌లో కూర్చుని కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి ఒక్క రాత్రిలో లాగించేశాను. హంతకుడెవరో చివరిదాకా అంతుపట్టలేదు, అది సరే. నన్ను పట్టుకున్నది ఊరు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు అందరూ మదరాసు మనుషులే.

1953లో ఆంధ్ర రాష్ట్రం మదరాసు లేకుండానే ఏర్పడింది. 1956లో రాజధాని హైదరాబాద్ అయింది. కానీ తెలుగు స్టూడియోలు, పత్రికలు, ప్రచురణ సంస్థలు చాలావరకు ఇంకా అక్కడే. అందుకే యుగంధర్ కారు కూడా ఆ రోడ్లమీదే తిరిగింది. రాజకీయంగా పోగొట్టుకున్న నగరాన్ని తెలుగు పాఠకుడు అద్దె పుస్తకాల షాపు నుంచి రోజుకింత తెచ్చుకున్నాడన్నమాట! ఉద్యమాల చరిత్రలో ఈ సంగతి దొరకదు. హత్యల మధ్య దొరుకుతుంది.

తర్వాత సినిమా జూబ్లీహిల్స్‌కి, ఫిల్మ్‌నగర్‌కి తరలొచ్చింది. యుగంధర్ రాలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్' నాటికి తెరమీద మన డిటెక్టివ్ నవ్వించేవాడు. 2019లో నెల్లూరు ఏజెంట్ ఆత్రేయా సగం అంతే (నాకిష్టమే, అది వేరే సంగతి). యుగంధర్‌కి మాత్రం తన వృత్తి మీద జోకులు తోచవు. శవం దగ్గర వంగి చూస్తాడు, రాజుని పిలుస్తాడు, కారెక్కుతాడు. మనం పేజీ తిప్పుతాం.