మీ పేరు మీద ఇంకొకరి అప్పు: ఆధార్, పాన్ దుర్వినియోగమైతే ఏం చేయాలి?

ఇంటి రుణం కోసం బ్యాంకుకు వెళ్తే, ఎన్నడూ వినని యాప్‌లో తీసుకున్న అప్పు మన పేరు మీద బకాయిగా కనిపిస్తుంది. మనం కొనని సిమ్ మన ఆధార్ మీద నడుస్తుంటుంది. ఇలా మన వివరాలతో మరొకరు మనలా చలామణి కావడమే గుర్తింపు చోరీ. ఇతరుల పాస్‌వర్డు, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది.

మన కుటుంబాలకు ఎక్కడ ఇబ్బంది?

ఇల్లు బళ్ళారిలోనో హోసూరులోనో బరంపురంలోనో ఉంటుంది. పొలం, పెద్దలనాటి బ్యాంకు ఖాతా ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉంటాయి. ఆ ఖాతాకు ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరే ఇంకా జతై ఉంటుంది. రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. పాత ఖాతాలన్నింటిలో ఇప్పటి నంబరు నమోదు చేయించండి.

రెండోది పేరు. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో తండ్రి పేరు ఇనిషియల్‌గా, ఇంకోదానిలో స్థానిక భాష ఉచ్చారణ ప్రకారం ఉంటుంది. మోసం జరిగాక ‘ఆ మనిషి నేను కాదు’ అని నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు ఈ తేడాలే పని ఆలస్యం చేస్తాయి. కనీసం ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

ముందు జాగ్రత్తలు

• జిరాక్సు ఇవ్వాల్సిన చోట వీలైతే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ప్రతి నకలు మీద తేదీ, ఎందుకు ఇస్తున్నారో అడ్డంగా రాయండి.

• బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. ఆధార్‌తో నగదు తీసే సేవలో ఓటీపీ లేకుండా వేలిముద్రతోనే డబ్బు తీయవచ్చు. భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి డబ్బు కాజేసిన కేసులు ఉన్నాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేయాల్సిన రోజు లాక్ తాత్కాలికంగా తీసి, తర్వాత మళ్లీ వేయవచ్చు. దీనికి ఆధార్‌తో జతైన ఫోన్ నంబరు ఉండాలి.

• ఆధార్‌ను ఎప్పుడు, దేనికి వాడారో గత ఆరు నెలల చిట్టా అదే వెబ్‌సైటులో ఉంటుంది.

• కేంద్ర టెలికం శాఖ ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో మీ పేరు మీదున్న మొబైల్ నంబర్లన్నీ చూడవచ్చు. మీది కానిది ఉంటే అక్కడే తెలియజేయవచ్చు.

• సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రుణ నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకు ఒకదాన్ని తీసుకుంటే ఏడాదంతా నిఘా ఉన్నట్టే.

• ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో లేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో ఆధార్, ఓటీపీ అడిగితే వెంటనే కాల్ పెట్టేయండి.

జరిగిపోతే ఏం చేయాలి?

1. డబ్బు పోతే ముందు 1930కి ఫోన్ చేయండి. ఏ రాష్ట్రం నుంచైనా ఇదే నంబరు. దొంగలు డబ్బు తీసుకునేలోపు ఖాతాను స్తంభింపజేయించే వీలుంటుంది కాబట్టి ప్రతి నిమిషం విలువైనదే. లావాదేవీ సంఖ్య, సమయం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

2. బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, కార్డు ఆపించండి. తర్వాత రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదని 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మీది, ఆ తర్వాతది బ్యాంకుది. సిగ్గుపడి దాచుకుంటే నష్టం పెరుగుతుంది.

3. ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే కంపెనీని అడగండి. మీ నంబరుకు వేరెవరో కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు.

4. పోలీసు ఫిర్యాదు. ‘అది మా పరిధి కాదు’ అంటే ఆగిపోవద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. యానాంలో ఉండి కాకినాడ శాఖలోని ఖాతాలో డబ్బు పోయినా యానాం స్టేషన్‌లోనే ఇవ్వవచ్చు. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసి, చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ లిపి చదవలేని పెద్దవాళ్ల వెంట తెలిసినవారు ఒకరు వెళ్లాలి. అర్థం కాకుండా సంతకం చేయవద్దు.

5. తీసుకోని అప్పు కనిపిస్తే అప్పిచ్చిన సంస్థకూ, రుణ నివేదిక సంస్థకూ ఎఫ్‌ఐఆర్ నకలుతో అభ్యంతరం రాయండి. 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు ఉంది. ‘కొంత కట్టేయండి, మూసేస్తాం’ అంటే కట్టవద్దు. కడితే అప్పు మీదేనని వాదించే వీలు దొరుకుతుంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

6. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, తిరస్కరించినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు. సమాచారానికి 14448.

ఆధార్ సందేహాలకు 1947కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగు ఎంచుకునే వీలుంది.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో 1930ని, మీ నంబరును ఈరోజే సేవ్ చేసి పెట్టండి. ఫిర్యాదు సంఖ్యలు, రసీదులు, నకళ్లు అన్నీ ఒకే ఫైలులో ఉంచండి. అప్పు మీది కాదని చెప్పడానికి చివరికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితాలే.