కోలారు పాతాళం నుంచి ఊటీ కొండ దాకా



బంగారు గని అనగానే మన రాయచూరు వాళ్ళకు హట్టి గుర్తొస్తుంది. మన రాష్ట్రంలోనే, తెలుగు బాగా వినపడే కోలారులో మరో పెద్ద గని ఉండేది. అక్కడ బంగారంతో పాటు ఆకాశాన్నీ వెతికారు. ఆ చరిత్ర మనం తెలుసుకోదగ్గది.

అంతరిక్షం నుంచి రాత్రీ పగలూ భూమి మీద పడే అతి వేగమైన కణాలే కాస్మిక్ కిరణాలు. అవి గాలిని ఢీకొంటే మ్యూయాన్లు, న్యూట్రినోలు పుడతాయి. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ వారు జపాన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి కోలారులో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చారు. అంత లోతుకు పైనుంచి దాదాపు నిలువుగా వచ్చే మ్యూయాన్లే, అవీ కొద్దిగా, చేరతాయి. కాబట్టి అడ్డంగా వచ్చే మ్యూయాన్ కనబడితే దాన్ని దగ్గరి రాతిలో న్యూట్రినోయే పుట్టించి ఉండాలి. 1965లో అలాంటివి దొరికాయి. అక్కడ సాక్ష్యం చెప్పింది దిక్కే.

1990ల ఆరంభంలో ఆ ప్రయోగాలు ఆగాయి. 2001లో గని మూతపడింది. బంగారం గిట్టుబాటు కాకపోతే ప్రపంచస్థాయి ప్రయోగశాల కూడా పోయింది.

దిక్కుల లెక్క మాత్రం ఆగలేదు. ఊటీలో భారత్, జపాన్ శాస్త్రవేత్తలు గ్రేప్స్-3 నడుపుతున్నారు. ఒక కిరణం గాలిలో కణాల జల్లుగా మారి నేల మీది పరికరాలను కాస్త ముందూ వెనకగా తాకుతుంది. ఆ కాలభేదమే దిక్కు చెబుతుంది. అయితే పాలపుంతలోని అయస్కాంత క్షేత్రాలు కిరణాలను దారి మళ్ళించడం వల్ల ఆకాశమంతా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. పైగా గాలి పీడనం, ఎండ మారినా లెక్క మారుతుంది. అందుకే ఏళ్ళ తరబడి లెక్కపెట్టి, ఆ దొంగ తేడాలను తీసేయాలి.

2013 నుంచి 2016 వరకు దాదాపు 370 కోట్ల జల్లులు పరిశీలిస్తే, ఆకాశంలో రెండు చోట్ల పదివేలకు అయిదారు మాత్రమే ఎక్కువ తేలాయి!

ఇంకా ఎన్నో రెట్లు శక్తిగల కిరణాల్లో అర్జెంటీనాలోని పియర్ ఆజే అబ్జర్వేటరీ సుమారు 6.5 శాతం తేడా పట్టుకుంది. 2017లో ప్రకటించిన ఆ దిక్కు పాలపుంత కేంద్రానికి చాలా దూరంగా ఉంది. అంటే అవి మన పాలపుంత బయటి నుంచి వస్తున్నాయన్నమాట.

గని విలువను బంగారంతోనే కొలవకూడదని కోలారు చెబుతోంది. హట్టి ఉన్న జిల్లా వాళ్ళం, ఈ మాట మన పిల్లలకు చెబుదాం.