వేంగినాటి వంశవృక్షాలు

పెండ్లిపందిరిలో ప్రవర చెప్పేటప్పుడు పురోహితుడు ఉభయపక్షాలవారినీ మూడేసి పేర్లు అడుగుతాడు. వరుడు ఫలానావారి మునిమనుమడు, ఫలానావారి మనుమడు, ఫలానావారి కుమారుడు అని చెప్పాలి. వధువు విషయంలోను అంతే. ఆ ముత్తాతల పేర్లు తడుముకోకుండా చెప్పగలవారు నేడు తక్కువ. ఊరిలో ఉన్న పెద్దలకు ఫోను చేసి కనుక్కోవలసి వస్తున్నది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల నుంచి హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళి స్థిరపడిన కుటుంబాలలో ఈ మరపు మరీ ఎక్కువ. అందుచేతనే కాబోలు, తమ వంశవృక్షాన్ని వ్రాసి పెట్టుకోవాలనే ఆసక్తి కొంతకాలంగా పెరుగుతున్నది.

ఈ ఆసక్తి మెచ్చుకోదగినదే. అయితే ఇట్లా వ్రాసే వంశవృక్షాలలో చాలామట్టుకు సగమే ఉంటుంది. తండ్రి, తాత, ముత్తాత అనే మగవరుస మాత్రమే అందులోకి ఎక్కుతుంది. కోడళ్ళ పుట్టిళ్ళు, అత్తవారిళ్ళకు వెళ్ళిన ఆడపడుచుల సంతానం, పసితనంలో పోయిన బిడ్డలు కనిపించరు. ఈ లోపం వల్ల చరిత్రకూ, ఆస్తిహక్కుకూ, అన్నిటినీ మించి ఆరోగ్యానికీ నష్టం కలుగుతున్నది. అది ఎట్లాగో పరిశీలిద్దాం.

రాగిరేకులపై మూడు తరాలు

వంశక్రమాన్ని వ్రాసి ఉంచే అలవాటు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఏలూరికి ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగియే పూర్వపు వేంగీనగరం. అక్కడి నుంచి పాలించిన శాలంకాయన రాజు రెండవ నందివర్మ పెదవేగి తామ్రశాసనంలో తనను హస్తివర్మకు మునిమనుమడుగా, మొదటి నందివర్మకు మనుమడుగా, చండవర్మకు కుమారుడుగా చెప్పుకొన్నాడు. పెండ్లిపందిరిలో నేటికీ వినిపించే వరుస ఇదే. గుప్తచక్రవర్తి సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనంలో వేంగి హస్తివర్మ పేరు ఉన్నది. ఎక్కడో ఉత్తరాదిన చెక్కిన మాట, ఇక్కడి రాగిరేకులోని మాట ఒకదానికొకటి సాక్ష్యం పలకడంచేత హస్తివర్మ క్రీస్తుశకం నాలుగవ శతాబ్దివాడని నిశ్చయంగా చెప్పగలుగుతున్నారు.

తరువాత వచ్చిన తూర్పు చాళుక్యులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. వారి శాసనాలలో పలుచోట్ల కుబ్జవిష్ణువర్ధనుడు మొదలుకొని రాజుల పేర్లతోపాటు ఎవరు ఎంతకాలం ఏలారో కూడ ఉంటుంది. కుబ్జవిష్ణువర్ధనునికి 18 సంవత్సరాలు, ఇంద్రభట్టారకునికి 7 రోజులు, మంగియువరాజుకు 25 సంవత్సరాలు, గుణగ విజయాదిత్యునికి 44 సంవత్సరాలు అని లెక్క. అమ్మరాజు రెండవవాడు శకసంవత్సరం 867లో, అనగా క్రీస్తుశకం 945లో పట్టానికి వచ్చినట్లు తెలుస్తున్నది. ఆ మేకును ఆధారం చేసుకొని వెనుకకు కూడుకుంటూ పోయి చరిత్రకారులు ఆ వంశపు కాలక్రమాన్ని నిర్ణయించారు. 1891లో ఫ్లీటు ఈ లెక్కను విపులంగా ప్రకటించాడు. ఆ తరువాత దొరికిన ఆధారాలతో అది సవరింపబడింది.

అయితే అన్ని శాసనాలూ ఒకే మాట చెప్పవు. మొదటి జయసింహుడు ఏలినది ఒకచోట 33 సంవత్సరాలు, మరొకచోట 30. రెండవ విజయాదిత్యునికి ఒకచోట 48, ఇంకొకచోట 44. రాజుల ఆస్థానంలో వ్రాసినదానికే ఈ గతి పడితే, మన తాతలు జ్ఞాపకంమీద చెప్పే సంగతులలో తేడాలు రావడం వింత కాదు. తేడా వచ్చినప్పుడు రెండు మాటలనూ వ్రాసి ఉంచి, మూడవ సాక్ష్యాన్ని వెదకడమే శాస్త్రీయ పద్ధతి.

పల్లెలో వంశాలను గుర్తుంచుకున్నవారు

రాజులకు శాసనాలు ఉన్నట్లే పల్లెలలో వంశాలను నోటితో నిలిపి ఉంచినవారు ఉన్నారు. రెడ్లు మొదలైన వ్యవసాయదారుల గోత్రాలను, ఇంటిపేర్లను పిచ్చికుంట్లవారు పాడేవారు. పద్మశాలీలకు సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు కులకథలు చెప్పేవారు. పంటల కాలంలో వచ్చి, కథ చెప్పి, ధాన్యమో, పశువునో, వస్త్రమో సంభావనగా పుచ్చుకొని వెళ్ళేవారు. సంభావన ఇచ్చే ఇంటి పూర్వులను కొంచెం గొప్పచేసి చెప్పడం సహజం. కాబట్టి ఆ కథలలో పేర్ల వరుసను ఒక విధంగాను, పరాక్రమ వర్ణనలను మరొక విధంగాను చూడవలసి ఉంటుంది.

కాగితంమీద లెక్క కరణంగారి దగ్గర ఉండేది. అడంగలులో పట్టాదారుని పేరు, అతని తదనంతరం వారసుల పేర్లు ఎక్కేవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. అయితే ఈ లెక్కలు భూమి ఉన్నవారివి మాత్రమే. వ్యవసాయకూలీ పేరుకు అడంగలులో చోటు లేదు. చేపలవేటమీద బ్రతికిన కొల్లేటి లంకగ్రామాల కుటుంబాలకు కూడ చోటు తక్కువే. అటువంటివారికి పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు, జననమరణాల పుస్తకం, క్రైస్తవ సంఘాల జ్ఞానస్నాన రిజిస్టరు, మత్స్యకార సహకార సంఘాల సభ్యుల జాబితా ఆధారాలవుతాయి.

పాత కాగితాలు వెదికేవారు జిల్లాల మార్పును గుర్తుంచుకోవాలి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడేవరకు ఏలూరు కృష్ణాజిల్లాలో ఉండేది. అంతకుముందు గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉన్నది. కుటుంబం కదలకపోయినా దాని కాగితాలు మాత్రం ఇన్ని చోట్ల తిరిగాయన్నమాట.

ఇంటిపేరు చెప్పే సంగతి

ఇంటిపేరు కూడ ఒక ఆధారమే. ఊరిపేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు తెలుగునాట మెండు. కొల్లేరు అనే మాట కొల్లేటికోటలో కొల్లేటి అయినట్లే, చివర పాడు ఉన్న ఊరిపేరు ఇంటిపేరులో పాటి అవుతుంది. ఊరు అన్నది ఊరి అవుతుంది. ఏలూరు నుంచి ఏలూరి, పెంటపాడు నుంచి పెంటపాటి ఇటువంటివే. కాని ఏలూరివారు ఏలూరిలో ఉండగా వారికి ఆ పేరు పెట్టవలసిన పని ఉండదు. ఊరు విడిచి మరొకచోటికి వెళ్ళినప్పుడే ఫలానా ఊరివారు అని గుర్తు పెడతారు. కాబట్టి ఇటువంటి ఇంటిపేరు పూర్వులు ఏ ఊరిని విడిచి వచ్చారో చెబుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు సాగిన తరువాత డెల్టాలో సాగు విస్తరించింది. అటువంటి కాలంలో కుటుంబాలు ఎక్కడినుంచి ఎక్కడికి కదిలాయో తెలుసుకోవడానికి ఇంటిపేర్లు, అడంగళ్ళు కలిపి చూడాలి.

ఒక చిక్కు ఉన్నది. తాత పేరు మనుమనికి పెట్టడం ఆచారం. అందువల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇద్దరు వెంకయ్యలను ఒక్కరుగా భావించి రెండు తరాలను మింగివేసిన వంశవృక్షాలు ఎన్నో ఉండవచ్చు. పేరుతోపాటు భార్యపేరు, ఆమె పుట్టినింటిపేరు వ్రాస్తే ఈ పొరపాటు రాదు. తాతకు, మనుమనికి ఒకే పేరున్నా ఇద్దరి భార్యలకు పేరూ, పుట్టినిల్లూ రెండూ ఒకటి కావడం అరుదు.

పూర్వుల లెక్క

ప్రతివారికీ తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అమ్మమ్మలు నానమ్మలు కలిసి నలుగురు, ఆపై తరంలో ఎనమండుగురు. ఇట్లా పదవ తరానికి 1,024 మంది, ఇరవయ్యవ తరానికి 10,48,576 మంది, ముప్పయ్యవ తరానికి 107 కోట్లకు పైగా కావాలి. తరానికి 25 సంవత్సరాల చొప్పున ముప్పై తరాలంటే 750 సంవత్సరాలు, అనగా ఇంచుమించు రుద్రమదేవి కాలం. అప్పటి ప్రపంచ జనాభా మొత్తం 50 కోట్లు కూడ లేదు. మరి 107 కోట్లమంది పూర్వులు ఎక్కడినుంచి వచ్చారు? రాలేదు. ఒకే వ్యక్తి వంశవృక్షంలో పలుచోట్ల కనిపిస్తాడు. దూరపు చుట్టాలు, దగ్గరి చుట్టాలు తమలో తాము పెండ్లాడటమే ఇందుకు కారణం.

మేనరికం ఆచారంగా ఉన్న మనప్రాంతంలో ఇది మరింత దగ్గరలో జరుగుతుంది. మేనమామ కూతురిని పెండ్లాడినవాని బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు ఎనమండుగురు కారు, ఆరుగురే.

గోత్రానికి కనపడని చుట్టరికం

తెలుగులో పినతండ్రి కూతురు చెల్లెలు. ఆమెతో వివాహం ఊహకే రాదు. మేనమామ కూతురు మరదలు. ఆమె గోత్రం వేరు, ఇంటిపేరు వేరు. కాబట్టి సంబంధం కలుపుకోవచ్చు అంటారు. జీవశాస్త్రం లెక్కలో మాత్రం ఈ ఇద్దరూ సమాన దూరంలోనే ఉన్నారు. గోత్రం తండ్రి వరుసను మాత్రమే చూస్తుంది. ఆడపడుచు పెండ్లితో మరొక గోత్రంలోకి వెళ్ళగానే ఆమె ద్వారా వచ్చే రక్తసంబంధం లెక్కకు అందకుండా పోతుంది.

దీని ఫలితం ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక తాతగారిలో ఏదో అంతర్గత లోపం కలిగించే జన్యువు ఒకటి ఉన్నదనుకుందాం. ఒకటే కనుక ఆయనకు ఏ బాధా లేదు. ఆయన కుమారుడు అక్కకూతురిని పెండ్లాడాడు. ఆ జన్యువు తాత నుంచి కుమారునికి, అతని నుంచి బిడ్డకు రావడం రెండు మెట్లు. తాత నుంచి కుమార్తెకు, ఆమె నుంచి మనుమరాలికి, ఆమె నుంచి బిడ్డకు రావడం మూడు మెట్లు. ప్రతి మెట్టులోను అవకాశం సగం. అయిదు మెట్లూ కలిస్తే 32లో ఒక వంతు. తాతకు, అమ్మమ్మకు కలిసి ప్రతి జన్యువుకూ నాలుగు ప్రతులు ఉంటాయి కనుక మొత్తం 8లో ఒక వంతు. దీనినే అంతఃప్రజనన గుణకం అంటారు. మేనత్త మేనమామ బిడ్డల వివాహంలో ఒక మెట్టు ఎక్కువ. గుణకం 16లో ఒక వంతు. సామాన్యంగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులు పుట్టుకతో గట్టి లోపాలు కలిగి ఉంటారు. ఇటువంటి బావమరదళ్ళ వివాహాలలో మరో ఇద్దరు ముగ్గురు అదనమని పరిశోధనలు చెబుతున్నాయి. అత్యధిక సంఖ్యాకులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడతారు. కాని వంశంలో ఒక లోపం ఇదివరకే కనిపించినచోట ఆ అదనం చాలా పెద్దది కావచ్చు. అందుకే పసితనంలో పోయిన బిడ్డలను, పుట్టు చెవిటివారిని వంశవృక్షంలో చేర్చడం అవసరం.

1957లో కలకత్తా వచ్చిన జె. బి. ఎస్. హాల్డేన్, ఖరీదైన పరికరాలు లేకుండానే భారతదేశంలో జీవశాస్త్ర పరిశోధన చేయవచ్చునని నమ్మినవాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై పరిశోధన చేశారు. చెవి అంచున వెండ్రుకలు మొలిచే లక్షణాన్ని గూర్చిన వంశవృక్షాలను కూడ ద్రోణంరాజు 1960లో ప్రకటించారు. ఈ లక్షణం తండ్రి నుంచి కుమారునికే వచ్చే వై క్రోమోసోముద్వారా సంక్రమిస్తుందని ఆనాటి ఊహ. దీనిని పరీక్షించాలంటే కుమార్తెల కుమారుల చెవులు కూడ చూడాలి. వారిలో ఆ లక్షణం తాతగారి నుంచి వచ్చినట్లు తేలితే ఊహ తప్పు. మగవరుస మాత్రమే గల వంశవృక్షంతో ఆ పరీక్ష సాధ్యం కాదు. 2004లో దక్షిణభారతానికి చెందిన 50 మంది అటువంటి పురుషుల వై క్రోమోసోములను ఆ లక్షణం లేనివారి వాటితో పోల్చి చూశారు. చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ ఊహ నిలువలేదు.

చట్టంలోను ఇదే ప్రశ్న వస్తుంది. 1955నాటి హిందూ వివాహచట్టం మేనమామ మేనకోడళ్ళ వివాహాన్ని నిషిద్ధ సంబంధాలలో చేర్చి, ఆచారం ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోను, 2005 నుంచి దేశమంతటా అమలైన సవరణలు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా జన్మహక్కు ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెండ్లికాని కుమార్తెలకే వర్తించింది. ఆడపిల్లల పేర్లు లేని వంశవృక్షం ఇప్పుడు వారసత్వానికి కూడ అక్కరకు రాదు.

వ్రాసే పద్ధతి

పాఠశాలలో ఈ పనిని విద్యార్థులచేత సులువుగా చేయించవచ్చు. పురుషునికి చతురస్రం, స్త్రీకి వృత్తం గుర్తు. భార్యాభర్తలను ఒక గీతతో కలపాలి. చుట్టరికం ఉన్నవారు పెండ్లాడితే రెండు గీతలు గీయాలి. ప్రతి పేరుకు ఎదుట పుట్టిన ఊరు, పుట్టినింటిపేరు, తెలిసినంతవరకు జనన మరణ సంవత్సరాలు వ్రాయాలి. సంవత్సరం తెలియనప్పుడు తుఫానో, వరదో, ఊరిలో బడి పెట్టిన ఏడో ఆధారం చేసుకొని అడగాలి. ఎవరు చెప్పినది, ఏ తేదీన చెప్పినది కూడ ప్రక్కన వ్రాయాలి. రోగాల వివరాలు ఇంటివారి అనుమతి లేకుండా తరగతిలో చదువరాదు. కులపు హెచ్చుతగ్గుల ప్రసక్తి ఇందులో తేరాదు.

ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు చుట్టుప్రక్కల ఊళ్ళ కుటుంబాలు వస్తాయి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచులందరూ ఒకచోట దొరికే రోజులు అవి. పురుషులు తమ ఇంటి వరుస ఒకటే చెబుతారు. అమ్మమ్మ అయితే తాను పుట్టిన ఇల్లు, మెట్టిన ఇల్లు, కూతుళ్ళను ఇచ్చిన ఇళ్ళు చెప్పగలదు. పుస్తకం తీసుకొని మొదట ఆమె దగ్గర కూర్చోవాలి.