భావప్రకటన స్వేచ్ఛ: హక్కు ఎంత, హద్దు ఎక్కడ?

మాట్లాడటం, రాయడం, కవిత చదవడం, ఫోన్‌లో ఒక పోస్టు పెట్టడం.. ఇవన్నీ భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తాయి. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 19వ అధికరణలో ఈ హక్కు ఉంది. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోనూ అదే నంబరు అధికరణలో ఉంది. ఈ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది.

హక్కు ఉంది కదా అని ఏదైనా అనేయొచ్చా? కుదరదు. అలాగని ప్రభుత్వం కూడా తనకు నచ్చని మాటనల్లా ఆపేయలేదు. ఆంక్ష పెట్టాలంటే దానికి చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అది నిజంగా అవసరమై ఉండాలి. ఇతరుల హక్కులు, పరువు, దేశ భద్రత, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం, నైతికత.. ఒడంబడిక ఒప్పుకున్న కారణాలు ఇవే. మతం, జాతి పేరుతో ద్వేషం రెచ్చగొట్టి వివక్షకు, హింసకు ఉసిగొల్పడాన్ని మాత్రం చట్టంతో నిషేధించాల్సిందేనని 20వ అధికరణ చెబుతోంది.

మన రాజ్యాంగంలో 19(1)(ఎ) హక్కునిస్తే, 19(2) హద్దులు చెబుతుంది. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు తెలుగువారైన జస్టిస్ చలమేశ్వర్. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం ఎంత చేదుగా ఉన్నా హక్కే, రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే ఆంక్ష వర్తిస్తుందని ఆ తీర్పు తేల్చింది.

ఉర్దూ కవి, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసు ఇటీవలి ఉదాహరణ. ఒక వీడియోలో వినిపించిన కవితపై 2025 జనవరిలో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. దాన్ని కొట్టేయడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట ప్రభావాన్ని ధైర్యం, వివేకం ఉన్నవారి కొలమానంతో చూడాలి తప్ప, ప్రతి విమర్శనూ ముప్పుగా భావించేవారి కొలమానంతో కాదని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఆరోపణ మాట లేదా రాత మీదైతే, కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని పోలీసులకు సూచించింది.

సామాన్యుడికి ఇక్కడే అసలు విషయం ఉంది. పాలకులను విమర్శించడం నేరం కాదు. ఒక వర్గంపై దాడికి పిలుపునివ్వడం హక్కు కాదు. ఫార్వర్డ్ నొక్కేముందు ఈ తేడా గుర్తుంటే చాలు.