శివరాత్రి జాగారం: నాడూ, నేడూ

ఉగాది అయినా, దీపావళి అయినా దగ్గరలో వున్న శనివారానికి మార్చుకోవడం అమెరికాలో మనకు అలవాటైంది. పిల్లల బడులు, మన ఉద్యోగాలు ఆలోచిస్తే అందులో తప్పులేదు. అయితే శివరాత్రిని కూడ అలాగే మార్చవచ్చునా అని సభ్యులు కొందరు అడుగుతున్నారు. అందుకని యీ రాత్రి చరిత్రను కొంచెం తిరగవేశాము.

చాలా పండుగలకు సూర్యోదయానికి వున్న తిథి ప్రధానం. శివరాత్రికి మాత్రం అర్ధరాత్రివేళ మాఘ బహుళ చతుర్దశి వుండాలి. శివుడు మొదలూ తుదీ లేని జ్యోతిస్తంభంగా వెలసిన లింగోద్భవకాలం అదేనని మనవాళ్ళ నమ్మకం. రాత్రిని నాలుగు యామాలు చేసి, యామానికొక పూజ చొప్పున తెల్లవార్లూ మేలుకొంటారు. ఇక్కడి అర్ధరాత్రిని బట్టి లెక్కకడితే, ఒక్కొక్క ఏడు ఇండియా కంటె ఒక రోజు ముందే మనకు పండుగ వస్తుంది.

ఆ మెలకువ ఏనాడూ ఒంటరి తపస్సు కాదు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తన 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలం శివరాత్రిని వర్ణించాడు. అందులో భక్తుల పాటలు, నాట్యాలు, బొమ్మలాటలు ఎన్నో కనిపిస్తాయి. తెలుగువారి ప్రదర్శన కళల చరిత్రకు ఆ జాగారమే ఒక ఆధారమైంది. 14వ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. శ్రీశైలంలో ఆ రాత్రి జరిగే పాగాలంకరణ మరీ విశేషం. చీరాల ప్రాంతపు నేతగాడు ఏడాది పొడుగునా రోజుకొక మూర చొప్పున నేసిన పాగాను, దీపాలన్నీ ఆర్పివేసిన చీకటిలో, ఆలయ శిఖరం నుంచి నందులను కలుపుతూ చుడతాడు. స్వామి పెళ్ళికి తలపాగా ఒక చేనేత ఇంటినుంచి రావాలి!

15వ శతాబ్దిలో శ్రీనాథుడు 'శివరాత్రి మాహాత్మ్యము' రాశాడు. అందులో నాయకుడు సుకుమారుడు మంత్రి కొడుకు, దారితప్పినవాడు. వ్రతమని తెలియకుండానే ఒక శివరాత్రి గుడిలో పూజ చూస్తూ మేలుకొంటాడు. చనిపోయినప్పుడు యమభటులకూ శివకింకరులకూ వాదం నడిచి, చివరకు కైలాసమే దక్కుతుంది. ఆ రాత్రి హాస్పిటల్‌లో డ్యూటీలో వుండే మాబోటి డాక్టర్లకూ, నర్సులకూ ఇంతకంటె ధైర్యం చెప్పే కథ లేదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. విందును, పిల్లల నాటికను శనివారానికి పెట్టుకుందాం. రాత్రిని మాత్రం దాని తిథిలోనే వుంచుదాం. నాలుగు యామాలూ కుదరకపోతే లింగోద్భవ యామం ఒక్కటైనా నాలుగిళ్ళవాళ్ళం ఒకచోట చేరుదాం. అభిషేకం చూసి, పిల్లలకు కథలు చెప్పి, పరమపద సోపాన పటం పరచి ఆడిద్దాం. మన తాతల ఊళ్ళలో పిల్లలు నిద్ర ఆపుకొన్నది భయంతో కాదు, సందడికోసం.

డాక్టర్లుగా రెండు మాటలు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు తమ వైద్యుణ్ణి అడగనిదే ఉపవాసం చేయవద్దు. జాగారం చేసినవారు తెల్లవారి కారు నడపవద్దు, కాస్త నిద్రపోయి బయలుదేరండి. శివుడు ఏమీ అనుకోడు.